ప్లగ్గు పెట్టకముందు: పాత కరెంటు లెడ్జరు మిషన్ని మళ్లీ నడిపించడం ఎలా

"మా తాతగారి గోడౌన్లో ఒక పెద్ద లెక్కల మిషను ఉందండి. టైపు మిషన్లా క్యారేజీ ఉంది, మీద ఎక్కడ చూసినా అంకెల బటన్లే. వెనక కరెంటు వైరు కూడా ఉంది. ప్లగ్గు పెట్టి చూడమంటారా?"

విజయనగరం, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, పలాస... ఈ ఊళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. జనపనార మిల్లులు, పంచదార ఫ్యాక్టరీలు, జీడిపప్పు వ్యాపారం, రైసు మిల్లులు ఉన్న ప్రాంతం మనది. ఆఫీసులు మూతపడ్డాక, చేతులు మారాక సామాన్లు అటకెక్కాయి. ఇనపసామాన్ల కొట్టుకి పోకుండా మిగిలినవి ఇప్పుడు మనవల చేతికి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాసేస్తే మేలనిపించింది.

జవాబు మాత్రం ఒకటే. ఇప్పుడే ప్లగ్గు పెట్టకండి.

నేను పెట్టాను. మా ఊళ్లో గంటస్తంభం దగ్గర ఒక పాత ఆఫీసు ఖాళీ చేస్తుంటే తూకానికి కొన్న మిషను అది. వర్షాకాలం. ఇంటికి తెచ్చిన సాయంత్రమే ప్లగ్గు పెట్టాను. మోటారు మూలిగింది కానీ తిరగలేదు. నాలుగైదు సెకన్లకి లోపల టప్పుమని పేలి, మాడిన చేపల వాసనతో పొగ వచ్చింది. పేలింది కెపాసిటరు. అది పోతే పోయింది, కొత్తది వేయించాను. అసలు నష్టం వేరే ఉంది. ఎప్పుడో సగంలో ఆగిపోయిన లెక్క మీద మోటారు బలంగా తోసేసరికి వేల వరస తాలూకు పళ్ల బద్ద వంగిపోయింది. ఈరోజుకీ ఆ వరసలో ఏ అంకె కొట్టినా మిగతావాటి కంటే వెంట్రుకవాసి కిందే పడుతుంది. తర్వాత ఈ పని నేర్పిన టైపు మిషన్ల మెకానిక్కు గురువుగారు దాన్ని చూసి అన్న మాట: "కరెంటెట్టకు బాబూ. ముందల సేత్తో తిప్పు. సేతికి తిరగందాన్ని మోటారు తిప్పితే ఇరిగిపోద్ది." కింద రాసినదంతా ఆ మాట చుట్టూ తిరిగేదే.

ఇది ఏ మిషను?

లెడ్జరు మిషను, పోస్టింగు మిషను, అకౌంటింగు మిషను అని పిలిచే ఈ యంత్రం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. కొట్టిన అంకెల్ని కూడుతుంది, తీసేస్తుంది. అదే ఊపులో వాటిని ఖాతా కార్డు మీద అచ్చు వేస్తుంది. చివర్లో నిల్వ తనే తేల్చి రాస్తుంది. ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, గుమాస్తా చేతిరాతతో చేసే పనే. బరోస్, నేషనల్, అండర్‌వుడ్ అన్న పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. 1950లో వచ్చిన బరోస్ సెన్సిమాటిక్ ఈ రకంలో బాగా పేరున్నది. క్యారేజీ ఏ గడి దగ్గర ఆగితే ఏ పని చెయ్యాలో దాని కింద ఉండే ఒక పలక నిర్ణయిస్తుంది. ముందున్న గుండ్రటి నాబు తిప్పితే ఒకే పలకతో నాలుగు రకాల లెక్కల పనులు చేసుకోవచ్చు.

కార్డు గిడ్డు ఏమీ లేకుండా చిన్న కాగితపు రోలు మాత్రమే ఉంటే అది కూడికల మిషను. దానికీ ఇక్కడ చెప్పిన పనులే, కార్డు మీద పద్దు వేసే భాగం వదిలేయండి. 1983 సెప్టెంబరులో బ్యాంకు ఉద్యోగ సంఘాలతో కుదిరిన ఒప్పందం తర్వాత బ్యాంకుల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ లెడ్జరు పోస్టింగు మిషన్లు వేరే జాతి. లోపల సర్క్యూట్ బోర్డులుంటాయి. వాటికి ఈ పద్ధతి వర్తించదు.

కావలసినవి

- మెత్తటి పెయింటు బ్రష్షులు రెండు, పాత టూత్ బ్రష్షు ఒకటి
- ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పంచె ముక్కలు
- పెయింట్ల షాపులో దొరికే టర్పెంటైను అర లీటరు
- కుట్టు మిషను నూనె, సూదీ సిరంజీ
- సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్లు. ఈ స్క్రూలు మెత్తన, చిన్న డ్రైవరుతో తిప్పితే తల అరిగిపోతుంది
- 13 మిల్లీమీటర్ల వెడల్పున్న టైపు రిబ్బను, నలుపూ ఎరుపూ కలిసింది
- సైకిలు వాల్వు ట్యూబు ఒక మీటరు
- మూడు తీగల కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు
- సిరీస్ బల్బు బోర్డు (మిషనుకి వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా కట్టిన బోర్డు), దానికి 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు
- ముక్కుకి గుడ్డ, ఫోను కెమెరా, నాలుగు రోజుల ఓపిక

1. దించడం, మోయడం

క్యారేజీని మధ్యకి తెచ్చి నూలు తాడుతో కట్టేయండి. కట్టకుండా ఎత్తితే ఒక పక్కకి జారిపోయి వేళ్లు నలుగుతాయి. క్యారేజీనో దాని నాబులనో పట్టుకుని ఎత్తకూడదు. అడుగు చట్రాన్నే పట్టుకోవాలి. స్టాండు మీద బిగించిన పెద్ద మిషన్లయితే నలుగురు మనుషులు కావాలి.

2. ఫొటోలు, పేరు పలక

ఒక్క స్క్రూ తీయకముందే అన్ని వైపులా ఫొటోలు తీయండి. తర్వాత వెనకో అడుగునో చిన్న ఇత్తడి రేకో అల్యూమినియం రేకో కనిపిస్తుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి వోల్టులు, సైకిల్సు (ఇప్పటి మాటలో హెర్ట్జ్), ఆంపియర్లు రాసుకోండి. ఏసీయా, డీసీయా, రెండూనా అన్నదీ చూడండి. 220 నుంచి 250 మధ్య ఉంటే మన కరెంటుకి సరిపోతుంది. 110 లేదా 115 అని ఉంటే నేరుగా మన సాకెట్టులో పెట్టిన మరుక్షణం మోటారు మాడిపోతుంది. దానికి ఏం చెయ్యాలో 6వ మెట్టులో ఉంది.

బటన్ల వరసలూ చూడండి. చాలావాటిలో ఒక్కో నిలువు వరసలో 1 నుంచి 9 వరకే ఉంటాయి. సున్నా బటను లేదని కంగారు పడకండి, ఏమీ నొక్కని చోట సున్నా దానంతట అదే పడుతుంది. ఏదైనా వరసలో 10, 11 కూడా ఉంటే మీది అణాల కాలం మిషను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మన పెద్దవాళ్ల మాటలో దమ్మిడీలు. అలాంటిది దొరికితే దాన్ని పైసల్లోకి మార్చాలని చూడకండి. ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

3. దుమ్ము

మిషన్ని ఆరుబయట పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్రష్షుతో పైనుంచి కిందికి దులపండి. మన వైపు అటకల్లో ఎలకల గూళ్లు, గబ్బిలాల రెట్ట మామూలే. రెట్ట పడిన చోట ఇనుము తినేసి ఉంటుంది. బ్లోయరు వాడితే దూరం నుంచే వాడండి. దగ్గర పెడితే సన్నటి స్ప్రింగులు ఎగిరిపోతాయి. ఊడిపడిన ప్రతి ముక్కా, దేనిదో తెలియకపోయినా, డబ్బాలో దాచండి.

బటన్ల తలల్ని సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతోనే తుడవాలి. థిన్నరు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం తగిలితే కరిగిపోతాయి.

4. చేత్తో తిప్పడం

మిగతా పనులన్నీ దీని తర్వాతే. వైరు గోడకి తగిలించి లేదని ఇంకోసారి చూసుకోండి.

మోటారు మీది మూత విప్పండి. కొన్ని మిషన్లకి కుడిపక్క చేతిపిడి తగిలించే కన్నం ఉంటుంది. అది లేకపోతే మోటారు ఇరుసునే వేళ్లతో తిప్పాలి. కుడిపక్క పొడవుగా ఉండే మోటారు బారుని (కొట్టిన లెక్కని నడిపించే పెద్ద బటను అది) నొక్కి పట్టుకుని, ఇరుసుని నెమ్మదిగా తిప్పండి. బాణం గుర్తు ఉంటే అటువైపే. లేకపోతే ఒకవైపు కదిలి రెండోవైపు పట్టేస్తుంది. కదిలే వైపే సరైనది.

బటన్లు నొక్కితే దిగడం లేదా? దిగినవి పైకి రావడం లేదా? చాలామంది దీన్నే తుప్పు అనుకుని సుత్తి తీస్తారు. చాలాసార్లు అది తుప్పు కాదు. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు లెక్క మధ్యలో ఆగిపోయింది, అంతే. ఒకసారి మొదలైన చుట్టు పూర్తయ్యేవరకూ బటన్లకి తాళం పడేలా, వెనక్కి తిరగకుండా ఉండేలా ఈ మిషన్లని కట్టారు. కాబట్టి వెనక్కి లాగొద్దు. ముందుకే తిప్పి ఆ చుట్టు ముగించండి. చివర్లో 'టక్' మని చప్పుడొచ్చి బటన్లన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో గుమాస్తా వేస్తూ ఆపేసిన పద్దు మీ చేతిలో పూర్తవుతుంది. నాకు ఆ చప్పుడు వినడం ఇప్పటికీ ఇష్టం.

ముందుకి కూడా కదలకపోతే బలం వాడకండి. 5వ మెట్టు చేసి, ఒక రాత్రి ఆగి, మళ్లీ ప్రయత్నించండి. మూడు రాత్రులు పట్టినవి ఉన్నాయి.

5. జిడ్డు వదిలించి, నూనె వేయడం

లోపల గోధుమ రంగులో జిగురులా కనిపించేది పాత నూనె. అరవై ఏళ్లు ఎండి బెల్లంపాకంలా అయ్యింది. మిషన్ల రోగాల్లో సగానికి పైగా దీనివల్లే.

టర్పెంటైనుని చిన్న బ్రష్షుతో ఇరుసుల దగ్గర, కీళ్ల దగ్గర, ఒకదాని మీద ఒకటి జారే బద్దల మధ్య రాయండి. పావుగంట ఆగి, ఆ భాగాన్ని వేలితో అటూ ఇటూ కదిపి, కారిన నల్లటి జిడ్డుని గుడ్డతో తీసేయండి. మూడు నాలుగు సార్లు చేస్తే లోహం మెరుపు కనిపిస్తుంది. మోటారులోని రాగి తీగ చుట్ట మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. వార్నిషు కరిగిపోతుంది.

జాగ్రత్త: టర్పెంటైను వాడాక తలుపులు తెరిచి కనీసం ఒక రోజంతా ఆరనివ్వండి. మోటారు కార్బన్ల (తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే బొగ్గు ముక్కల) దగ్గర నిప్పురవ్వలు రావడం మామూలే. ఆవిరి మిగిలి ఉంటే భగ్గుమంటుంది. వాసన పూర్తిగా పోయాకే కరెంటు మాట. పెట్రోలైతే అసలు ముట్టుకోవద్దు.

ఆరాక కుట్టు మిషను నూనె. సిరంజీతో ఒక్కో ఇరుసుకి ఒక్క చుక్క. రెండు చుక్కలు వేస్తే మేలు జరగదు, దుమ్ము పడుతుంది. అంకెల చక్రాల ముఖాల మీద, రబ్బరు మీద నూనె వద్దు. "కొబ్బరినూనె వెయ్యొచ్చా?" అని ఎంతమంది అడిగారో. వద్దు. జనవరిలో సీసాలో గడ్డ కట్టినట్టే మిషన్లోనూ గడ్డ కడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు కూడా వద్దు. వారం రోజులు బాగా తిరిగినట్టే ఉండి, నెలలకి మళ్లీ జిగురవుతుంది.

నూనె వేశాక చేత్తోనే పది చుట్లు. మొదట్లో తేలిగ్గా, మధ్యలో కాస్త బరువుగా, చివర్లో 'టక్' మని. పదీ ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడాగా అనిపించినా మళ్లీ వెతకండి.

రబ్బరు పని కూడా ఈ తడవలోనే. కాగితాన్ని నొక్కి పట్టే చిన్న రోలర్లు తారులా కరిగి ఉంటే గీకేసి, వాటి స్థానంలో సైకిలు వాల్వు ట్యూబు ఎక్కించండి. టైపు మెకానిక్కులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. పెద్ద రోలరు రాయిలా గట్టిపడితే సన్నటి శాండ్ పేపరుతో పైపైన రుద్దితే కాగితం పట్టుకుంటుంది. కొత్త రిబ్బనుని పాత చక్రాల మీదకే చుట్టండి. చక్రాలు పారెయ్యొద్దు, ఆ కొలతవి మళ్లీ దొరకవు. మెకానిక్కు సాయం కావాలంటే మీ ఊళ్లో కలెక్టరాఫీసు దగ్గరో కోర్టు దగ్గరో అర్జీలు టైపు చేసేవాళ్లని అడగండి. వాళ్ల మిషన్లు ఎవరు బాగుచేస్తారో వాళ్లకి తెలుసు.

6. కరెంటు పని

ఈ పని రాకపోతే మోటారు వైండింగు షాపులో చేయించుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు. కానీ పక్కనుండి, ఈ అయిదూ చేయించారో లేదో చూసుకోండి.

పాత వైరు తీసేయాలి. గుడ్డ తొడుగూ లోపలి రబ్బరూ పెళుసెక్కి, వంచితే పొడిగా రాలుతుంది. పైకి బాగుందనిపించినా మార్చాల్సిందే. కొత్త వైరులో ఎర్త్ తీగని ఇనప చట్రానికి, పెయింటు గీకి, స్క్రూతో బిగించండి. పాత మిషన్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. తీగ తెగి చట్రానికి తగిలితే మిషను మొత్తం షాకు కొడుతుంది.

కెపాసిటరు మార్చాలి. మోటారు పక్కనో స్విచ్చి పక్కనో రేకు డబ్బీలా, మైనం పూసిన గొట్టంలా ఉంటుంది. పక్కన రేడియో గరగరమనకుండా పెట్టింది అది. నా దగ్గర పేలింది అదే. కొత్తది ఎక్స్2 (ఇంటి కరెంటు మీద వాడే సురక్షితమైన) రకం, పాతదాని మీదున్న విలువతోనే. దాని తీగల్లో ఒకటి చట్రానికి కలిపి ఉంటే ఆ కనెక్షను తిరిగి పెట్టకండి.

కార్బన్లు చూడాలి. చాలావాటిలో ఉండేది మీ ఇంటి మిక్సీలో ఉండే రకం మోటారే. కార్బను ముక్క అరిగి పావు అంగుళం కన్నా తక్కువ మిగిలితే మిక్సీ కార్బన్లు తెచ్చి, సరిపడా రుద్ది వేసుకోవచ్చు. అవి ఆనే రాగి చక్రం నల్లబడితే జీరో నంబరు శాండ్ పేపరుతో తుడవండి.

మెగ్గరు పరీక్ష చేయించండి. కరెంటు చట్రంలోకి లీకవుతోందేమో చూసే మీటరు అది. 500 వోల్టుల మెగ్గరుతో తీగకీ చట్రానికీ మధ్య కనీసం 1 మెగోమ్ రావాలి. మన సముద్రపు గాలికి చుట్ట తేమ పీల్చి తక్కువ చూపించవచ్చు. మోటారుని రెండు మూడు రోజులు ఎండలో పెట్టి మళ్లీ చూడండి.

ఇక 110 వోల్టుల మిషను. 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. పలక మీదున్న వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చవేసి, వచ్చినదానికి రెట్టింపు శక్తి ఉన్నది కొనండి. 115 వోల్టులు, 1.5 ఆంపియర్లు అయితే 172 చిల్లర, అంటే 350 వీఏకి (వోల్ట్-ఆంపియర్లకి) తక్కువ కాకుండా. ఏసీ డీసీ రెండూ రాసి ఉన్న మోటారుకి 60 సైకిల్సు, 50 సైకిల్సు తేడా పట్టదు. ఏసీ మాత్రమే, 60 సైకిల్సు అని ఉంటే మన కరెంటు మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని గంటల తరబడి నడపకండి.

7. మొదటిసారి ప్లగ్గు

సిరీస్ బల్బు బోర్డు ద్వారానే. మిషను మీద బటన్లేవీ నొక్కి ఉండకూడదు. స్విచ్చి వేసి బల్బుని చూడండి. పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉంది, ఆపేయండి. ఒక్కసారి వెలిగి మందగించి, మోటారు మెల్లగా తిరిగితే సంతోషించండి. కొన్ని మిషన్లలో మోటారు బారు నొక్కేవరకూ మోటారు తిరగదు. బల్బు వెలగకపోతే బారు నొక్కి చూడండి.

రెండు నిమిషాలు ఆగి, ఆపి, ప్లగ్గు తీసి, మోటారు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే సరికాదు. తర్వాతే నేరుగా ప్లగ్గు.

నడుస్తున్నప్పుడు క్యారేజీ మోటారు బలంతో వెనక్కి వస్తుంది. పక్కన టీ గ్లాసు పెట్టకండి. చీరకొంగు, చున్నీ, వేలాడే చొక్కా చేతులు దూరంగా ఉంచండి. మూత తీసి ఉంటే ప్లగ్గు ఉండగా వేలు లోపలికి వెళ్లకూడదు.

8. లెక్క సరిగ్గా చేస్తోందా?

తిరుగుతోంది, అచ్చు వేస్తోంది అని ఇక్కడే ఆపేసేవాళ్లు చాలామంది. తిరిగే మిషనుకీ సరిగ్గా కూడే మిషనుకీ చాలా దూరం ఉంది. తప్పు కూడే మిషను మూగ మిషను కంటే ప్రమాదం. దాని అచ్చు చూసి అందరూ నమ్మేస్తారు.

ముందు టోటల్ తీసి, లోపల మిగిలినదంతా చెరిపేయండి. కొన్ని పాతవాటిలో టోటల్ ముందు ఒకసారి ఉత్తినే మోటారు బారు కొట్టాలి. కొట్టకపోతే టోటల్ బటను దిగదు. అది లోపం కాదు. సాధారణంగా నక్షత్రం గుర్తు పడితే లెక్క తీసి చెరిపేసినట్టు. సబ్‌టోటల్‌కి చెరగదు.

అప్పుడు ఈ లెక్క వేయండి. 1,23,456.79 నొక్కి, అదే మొత్తాన్ని తొమ్మిది సార్లు కూడండి. రిపీట్ బటను ఉంటే అది నొక్కి ఉంచి బారుని తొమ్మిది సార్లు కొట్టడమే. టోటల్ 11,11,111.11 రావాలి. కాగితం మీద తొమ్మిది ఒకట్లు వరసగా నిలబడాలి. గురువుగారు ఏ మిషను మీదైనా మొదట కొట్టే లెక్క ఇదే. ప్రతి వరసా తిరుగుతుంది, పక్క వరసకి ఒకటి ఎక్కాల్సిన సందర్భాలు పదే పదే వస్తాయి. ఎక్కడ తప్పినా ఒకట్ల వరస చెడి, చోటు కూడా చూపిస్తుంది. 11,11,011.11 వచ్చిందనుకోండి. తేడా సరిగ్గా వంద. అంటే పదుల వరస 9 దాటి సున్నాకి వచ్చినప్పుడు వందల వరసకి ఒకటి ఒకసారి ఎక్కలేదు. ఆ రెండు వరసల మధ్య బద్ద దగ్గర జిడ్డు ఉంది. 5వ మెట్టు అక్కడ మాత్రం మళ్లీ చేయండి.

రెండోది: 9,99,999.99కి 0.01 కలపండి. 10,00,000.00 రావాలి. ఒకేసారి ఇన్ని వరసలు ఎక్కడం మిషనుకి అన్నిటికంటే కష్టమైన పని. మూడోది: ఏదో ఒక మొత్తం కూడి, అదే తీసేయండి. సున్నా రావాలి. నాలుగోది: ఖాళీ మిషను మీద 0.01 తీసేయండి. ఎర్ర ఇంకుతో 0.01 వస్తే మీ మిషనుకి అప్పు నిల్వ చూపించే ఏర్పాటు ఉంది. 99,99,999.99 లాంటిది వస్తే ఆ ఏర్పాటు లేదు, అంతే. కంగారుపడి విప్పకండి. సున్నా కిందకి వెళ్తే అన్ని వరసలూ 9కి తిరుగుతాయి, బస్సు మీటరు వెనక్కి తిప్పినట్టు.

అణాల మిషనుకి: 15 అణాల 11 పైలకి 1 పై కలిపితే సరిగ్గా ఒక రూపాయి.

ఈ నాలుగూ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిచాక ఒకసారి చేయండి. వేడెక్కాకే బయటపడే తప్పులుంటాయి.

9. ఖాతా కార్డు మీద ఒక పద్దు

పాత కార్డులు దొరికితే వాటి మీద కొట్టకండి, అవి చరిత్ర. దళసరి ఐవరీ కాగితం అదే కొలతకి కోసుకోండి. రోలు కావాలంటే మామూలు కాగితపు రోలే. షాపుల్లో బిల్లులిచ్చే థర్మల్ రోలు మీద రిబ్బను ఇంకు అలుక్కుపోతుంది.

పలాస జీడిపప్పు వర్తకుడి ఖాతా అనుకుందాం. కార్డు ముందునుంచి దించి, చివరి పద్దు కింది గీత సరిచూసి బిగించండి. కార్డు చివరి గడిలో ఉన్న పాత నిల్వ 1,250.75 కొట్టి బారు నొక్కండి. క్యారేజీ దానంతట అదే పక్క గడికి జరుగుతుంది. తేదీ, వోచరు నంబరు. ఖర్చు 340.50. జమ 500.00. చివరి గడికి చేరాక నిల్వ పడుతుంది: 1,091.25. మీరు ఏమీ కూడలేదు, తీసెయ్యలేదు.

అంకెలు నొక్కేటప్పుడు ఒక సంగతి. అమెరికా మిషన్లలో బటన్ల రంగులు మూడేసి వరసలకి మారతాయి. వాళ్లకి లక్ష లేదు. మన కన్ను రెండేసి చూసుకుని, లక్ష కొట్టబోయి పదివేలో పదిలక్షలో కొడుతుంది. లక్ష వరస పైన చిన్న కాగితం ముక్క అంటించుకోండి.

రోజు ముగిశాక సరిచూసుకునే సూత్రం: పాత నిల్వల మొత్తానికి వోచర్ల మీది ఖర్చులు కలిపి, జమలు తీసేస్తే కొత్త నిల్వల మొత్తం రావాలి.

అయితే ఇది పట్టుకోలేని తప్పు ఒకటుంది. పాత నిల్వ 1,250.75కి బదులు 1,520.75 కొట్టారనుకోండి. కొత్త నిల్వ కూడా అంతే పెరుగుతుంది. రెండు పక్కలా ఒకే తప్పు కాబట్టి లెక్క టాలీ అయిపోతుంది. మిషను మీరు కొట్టింది కూడుతుంది, కార్డు మీద ఉన్నదాన్ని చదవలేదు. అందుకే పాత నిల్వని రెండుసార్లు ఎత్తుకునే పద్ధతి ఆఫీసుల్లో ఉండేది. పద్దు అయ్యాక కార్డు చూసి పాత నిల్వ మళ్లీ కొడతారు. మొదటిదీ రెండోదీ తీసివేస్తే సున్నా రావాలి. వేరొకరి కార్డు మీద పద్దు వేసినా టాలీ అవుతుంది. దాన్ని పట్టుకోవాలంటే వోచరు మీద పేరూ కార్డు మీద పేరూ కళ్లతో చూసి టిక్కు పెట్టడం తప్ప దారి లేదు.

టాలీ కాకపోతే ముందు తేడాని చూడండి. 9తో పోతుందా? అంకెలు తారుమారయ్యాయి, 450కి బదులు 540. తేడాలో సగం మొత్తంతో ఏదైనా పద్దు ఉందా? అది జమకి బదులు ఖర్చులో పడింది. తేడా 10, 100, 1000 అయితే ఒక అంకె తప్పు కొట్టి ఉండొచ్చు, మిషను ఒకటి ఎక్కించడం మానేసి ఉండొచ్చు. తొమ్మిది ఒకట్ల లెక్క మళ్లీ వేస్తే ఎవరిదో తేలిపోతుంది.

మాటిమాటికీ జరిగే తప్పులు

బటను ఇరుక్కుంటే శ్రావణంతో లాగడం. కరెక్షను బటను నొక్కితే వచ్చేదానికి తల ఊడగొట్టుకుంటారు.

చుట్టు మధ్యలో కరెంటు పోతే బటన్లతో కుస్తీ పట్టడం. స్విచ్చి ఆపి, కరెంటు వచ్చాక వేయండి, అదే పూర్తి చేసుకుంటుంది.

క్యారేజీ కింది పలకలోని పిన్నులు "శుభ్రం చేద్దామని" పీకడం. ఒక్కో పిన్ను పొడవు ఒక్కో ఆజ్ఞ. కలిసిపోతే మళ్లీ పేర్చడం మీ వల్లా నా వల్లా కాదు.

ప్లాస్టిక్కు షీటు కప్పడం. లోపల చెమట పట్టి వారంలో తుప్పు. నూలు దుప్పటే కప్పండి. సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, భావనపాడు వైపు ఉంటే వర్షాకాలంలో బీరువాలో చిన్న ఫిలమెంటు బల్బు వెలిగించి ఉంచండి. తుఫాను హెచ్చరిక వస్తే మిషన్ని నేల మీద ఉంచకండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు నీళ్లలో నానిన ఒక మిషను నా దగ్గరకి వచ్చింది. ఇరుసుల దాకా తుప్పు ఏకమైపోయి ఉంది, ఏమీ చేయలేకపోయాను.

వాడకపోయినా నెలకి ఒకసారి నడపండి. పది చుట్లు చాలు.

తొమ్మిది ఒకట్లు సరిగ్గా పడిన కాగితం ముక్క ఉంది కదా, దాని మీద తేదీ వేసి మోటారు మూత లోపలి వైపు అంటించండి. ఆరు నెలలకి అదే లెక్క మళ్లీ వేసి, కొత్త ముక్కని దాని పక్కన పెట్టి చూడండి.